నేను పెట్టుకున్న పత్తెం

మా వాడలో ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి మా అమ్మను పిలిచేవాళ్లు. పిలుస్తారు అని రాయబోయి ఆగి, పిలిచేవాళ్లు అని రాశాను. ఆ మాట మారడానికి కారణం నేను.

అమ్మ జంపఖానాలు నేస్తుంది. వరంగల్‌లో మా వాడ మొత్తానికీ అదే పని. పొద్దున మగ్గంలో కూర్చునే ముందు, పిలిచిన వాళ్లింటికి వెళ్లి, పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకునేది. నూనె రాసి, చేతులూ కాళ్లూ సాగదీసి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోసేది. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా రెండు చెంబులు పడేలోపు ఊరుకునేవాళ్లు. ఎవరైనా రవికె గుడ్డ పెడితే కళ్లకద్దుకుని తెచ్చుకునేది. బాలింత ఏం తినాలి, ఏం తినకూడదు, ఎన్నాళ్లు అన్నది కూడా ఆమే చెప్పేది. పథ్యాన్ని మా దగ్గర పత్తెం అంటారు. అమ్మ చెప్పే పత్తెం తేలికైనదని వాడలో పేరు. మొదట్లో పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పదకొండు రోజులు దాటాక బీరకాయ, పెసరపప్పు. ఇరవై ఒకటి దాటాక పాలు, ఆకుకూరలు, మేక కాళ్ల సూప్. నెల నిండగానే, "ఇగ అన్నీ తిను బిడ్డా, నీ పత్తెం తీరింది" అని చెప్పి వచ్చేసేది.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన నాకు కూడా అలాగే చెప్పింది. నేనే వినలేదు.

నేను బీఎస్సీ చదివాను. పెళ్లయ్యాక కాజీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పాను. సమతుల ఆహారం పాఠం రెండేళ్లు చెప్పాను. నల్లబల్ల మీద పళ్లెం బొమ్మ గీసి, అందులో పాలు, పప్పు, ఆకుకూర, పండు ఎక్కడెక్కడ ఉండాలో చూపించాను. ఆ చేతులతోనే నా పళ్లెంలోంచి ఒక్కొక్కటీ తీసేశాను.

పాప పుట్టిన నెల తర్వాత నుంచి సాయంత్రం అయ్యేసరికి ఏడుపు మొదలుపెట్టేది. ఆరింటికి మొదలైతే ఎనిమిది వరకు ఆగేది కాదు. ముఖం ఎర్రగా అయ్యేది, పిడికిళ్లు బిగించేది, కాళ్లు పొట్టలోకి ముడుచుకునేది. అప్పటికే నేను సరిగా నిద్రపోవడం మానేశాను. పడుకున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. చూశాక నమ్మకం కుదరక మళ్లీ చూసేదాన్ని. అలాంటి దాన్ని ఆ ఏడుపు ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? నేనేదో తప్పు చేస్తున్నాననే అనుకున్నాను.

"సందేళకు పిల్లలు ఏడుస్తరే. నువ్వు గూడ ఏడ్చినవ్. నాలుగు నెలలైతే అదే పోతది," అనేది అమ్మ.

"ఏం లేకుండ ఎందుకేడుస్తదమ్మా?"

"ఏం లేకుండ నువ్వు ఏడుస్తలేవా ఇప్పుడు?"

ఆమె నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నానని గుర్తొచ్చింది. తల్లి తిన్నది పాలల్లో దిగి బిడ్డకు తగులుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మర్నాడు పెరుగు మానేశాను. అయినా ఏడ్చింది. పప్పు మానేశాను. ఏడ్చింది. ఫోన్లో కొత్త తల్లుల గ్రూపు ఒకటి ఉంది. అందులో ఒకామె పాలు గ్యాసు చేస్తాయంది, ఒకామె అరటిపండుకు జలుబు చేస్తుందంది, ఇంకొకామె ఆకుకూరలకు బిడ్డకు పచ్చ విరేచనాలవుతాయంది. నేనొక నోటుపుస్తకం తీసుకుని గీతలు కొట్టాను. ఒక పక్క నేను తిన్నది, ఒక పక్క పాప ఏడ్చిన టైము. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే దోషం దేనిదో తేలుతుందని కాలేజీ ల్యాబులో నేర్చుకున్నాను. తీసేసినదాన్ని తిరిగి కలిపి కూడా చూడాలని అదే ల్యాబులో చెప్పారు. అది మాత్రం నేను చేయలేదు. నాకు ధైర్యం చాలలేదు.

అలా రెండు నెలలు నిండేసరికి నా పళ్లెంలో అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, బీరకాయ మిగిలాయి. పొద్దున రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండా. నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని గ్రూపులో ఎవరో రాస్తే, వేడినీళ్లు రోజుకు రెండు గ్లాసులకు తెచ్చాను. అది ఎండాకాలం. రేకుల కింద పాలిస్తూ కూర్చుంటే జాకెట్టు తడిసి వీపుకు అతుక్కునేది.

"గిదేం పత్తెమే? నేను జూడని పత్తెం," అని అమ్మ గొడవ పెట్టుకునేది. "ఎవలు పెట్టిండ్రు నీకిది? నేనైతే పెట్టలే."

"నీకు తెల్వదమ్మా. పాపకు తగులుతాంది."

నీకు తెల్వదు అన్నాను. వాడలో సగం మంది పిల్లలకు నీళ్లు పోసిన మనిషితో.

మొదట పాదాల్లో వచ్చింది. పాలిచ్చి కాళ్లు చాపగానే బొటనవేలు తనంతట తాను పైకి లేచి వంకర తిరిగేది. తర్వాత పిక్కల్లోకి వచ్చింది. లోపల ఎవరో తాడు పేనినట్టు గట్టిపడేది. కాసేపటికి వదిలినా సాయంత్రం దాకా నొప్పి ఉండేది. నేను అమ్మకు చెప్పలేదు. నడక చూసి ఆమే కనుక్కుంది.

"పిక్కలు పడుతున్నయా?"

"కొంచెం."

"మగ్గం గుంతల కూసుంటే మాకు గూడ పడుతయ్, ఎండాకాలం మరీను. ఉప్పేసిన మజ్జిగె రెండు చెంబులు తాగితె తగ్గుతది. అరటిపండు తిను. నీళ్లు తాగు జర. ఒంట్ల నీరంత ఆ పొల్ల తాగుతాంది, నీకేం మిగులుతది?"

చెంబు నిండా మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టి మగ్గంలోకి వెళ్లింది. నేను దాన్ని తీసుకెళ్లి జాలారులో, అంటే వెనక అంట్లు తోముకునే చోట, పారబోశాను. పది నిమిషాల తర్వాత ఆమె చేతులు కడుక్కోవడానికి వచ్చింది.

"తాగినవా?"

"తాగిన."

"మరి జాలారుల తెల్లగ పారుతాంది ఏందే? బీఎస్సీ సదివినవ్ గద, జర చెప్పు."

ఆమె నీళ్లు కొట్టి ఆ తెలుపును కడిగేసి వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ అడగలేదు. అడక్కుండా రోజూ చెంబు మాత్రం తెచ్చి పెట్టేది.

ఒకరోజు పొద్దున పాప పాలు తాగి నిద్రపోయింది. నేల మీద బొంత వేసుకుని కూర్చున్నాను. ఉయ్యాలలో వేద్దామని పాపను ఎత్తుకుని, కుడికాలు మీద బరువు ఆనించి లేచాను. పూర్తిగా లేవకముందే పిక్క పట్టేసింది. అంతకుముందు వచ్చినట్టు కాదు. కాలు నాది కాకుండా పోయింది. మోకాలు మడత పడింది. పాపను గట్టిగా పట్టుకోవాలో, గోడను పట్టుకోవాలో తెలియని ఆ ఒక్క క్షణంలో చేయి గోడకేసి వెళ్లింది. చేయి పాప కోసం ఆగి ఉండాల్సింది. ఆగలేదు. పాప నా మోచేతి మీంచి జారి బొంత మీద పడింది.

ఏడుపు వినగానే మగ్గం ఆగింది. అమ్మ ఎలా వచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి పాప ఆమె భుజం మీద ఉంది. నేను నేల మీద కాలు పట్టుకుని అరుస్తున్నాను. పాప నుదుటి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అమ్మ ఒక చేత్తో పాపను నిమురుతూ, కూర్చుని, ఇంకో చేత్తో నా పాదాన్ని పట్టి వేళ్లను వెనక్కి వంచింది. పిక్క మెల్లగా వదిలింది.

"నడువు, దవాఖానకు పోదాం," అంది. అంతే.

నేను కాన్పయిన నర్సింగ్ హోంకే ఆటోలో వెళ్లాం. ముందు పిల్లల డాక్టరు పాపను చూశాడు. కళ్లల్లో లైటు వేశాడు, తల తడిమాడు, కాళ్లు కదిలించాడు. ఏం కాలేదు, బొంత మీద పడింది కాబట్టి సరిపోయింది, రెండు రోజులు కనిపెట్టి ఉండండి అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తర్వాత నాకు కాన్పు చేసిన డాక్టరమ్మ గదిలోకి వెళ్లాం. ఆ గదికి తలుపు లేదు, పరదా ఉంది. పరదాకు ఇవతల బెంచీల మీద వరసగా గర్భిణులు, వాళ్ల తల్లులు. మా ఇంటికి ఎదురింటి పెద్దమ్మ కూడా నెలలు నిండిన కూతురితో అక్కడే కూర్చుని ఉంది. కూతురికి కాన్పయితే నీళ్లు పోయడానికి అమ్మే రావాలని అప్పటికే మాట తీసుకుంది. మమ్మల్ని చూసి చేయి ఊపింది.

"రోజూ నీళ్లెన్ని తాగుతున్నావు?" అని డాక్టరమ్మ అడిగింది.

"రెండు గ్లాసులు."

"బిడ్డకు పాలిస్తూ రెండు గ్లాసులా? పెరుగు?"

"తినను మేడం."

"పాలు? ఆకుకూర? పప్పు? పండ్లు?"

ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాను.

"మరేం తింటున్నావమ్మా?"

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. పిక్కలు పట్టడానికి కారణాలు చాలా ఉంటాయని, రక్తపరీక్ష చేస్తే గానీ చెప్పలేనని, కానీ నేను తినే తిండి వింటే పరీక్షకు ముందే అనుమానం వస్తోందని అంది. పాలల్లో పోయే కాల్షియం తిండిలోంచి తిరిగి రాకపోతే ఒంట్లోంచే పోతుంది. చెమటలో, పాలల్లో నీరు పోతుంటే, తాగకపోతే కండరం సరిగా బిగిసి సడలడానికి కావలసిన లవణాల పాళ్లు తప్పుతాయి. ఇదంతా నేను చదివిందే. పరీక్షలో రాసిందే.

"ఇంత పత్యం ఎవరు పెట్టారు?"

నేను నోరు తెరవలేదు. అబద్ధం చెప్పలేదు. పాపను ఎత్తుకుని పరదా దగ్గర నిలబడ్డ అమ్మ వైపు చూశాను. చూపు ఒక్కటే. ఆ చూపుకు అర్థం ఏమిటో గదిలో అందరికీ తెలిసింది. నాకూ తెలుసు.

డాక్టరమ్మ అమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, ఇంకా ఏ కాలంలో ఉన్నారు మీరు? చదువుకున్న పిల్ల, దాని మాటన్నా వినొచ్చు కదా. మీ పత్యాలు తగలెయ్య. ఇవాళ ఆ పసిదాని తల నేలకు తగిలి ఉంటే ఏం చేసేదానివి? మీ కాలంలో బతికారంటే అదృష్టం, అందరికీ ఉండదు ఆ అదృష్టం." ఇంకా చాలా అంది. ఆమె గొంతు పెద్దది. పరదా పలచనిది.

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను మాట్లాడతానేమో అన్నట్టు చూసింది. కాసేపు ఆగింది కూడా. తర్వాత పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుని, "తప్పైంది మేడం. మాకు తెల్వది," అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "అమ్మా, నేను చెప్పాల్సింది..." అన్నాను.

"ఏం జెప్తవ్. పొల్ల మంచిగున్నది, గది చాలు," అని, బండి ఆపించి అరటిపండ్లు కొంది. ఒకటి వలిచి నా చేతికిచ్చింది. "ఇప్పుడు తిను. నా కండ్ల ముంగట."

తిన్నాను. పరీక్షలో కాల్షియం తక్కువే ఉందని వచ్చింది. మాత్రలు వేసుకున్నాను, అంతకంటే ఎక్కువగా తిండి తిన్నాను. పాలిచ్చిన ప్రతిసారీ పెద్ద గ్లాసు నీళ్లు, మధ్యాహ్నం ఉప్పు వేసిన మజ్జిగ, పాలకూర పప్పు, జొన్నరొట్టె, నువ్వుల లడ్డు. రెండు మూడు వారాల్లో పిక్కలు పట్టడం తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. పాప సాయంత్రాలు ఎప్పటిలాగే ఏడ్చింది. పెరుగు తిన్న రోజూ ఏడ్చింది, తినని రోజూ ఏడ్చింది. నాలుగో నెలలో, అమ్మ చెప్పినట్టే, ఊరికే మానేసింది. నోటుపుస్తకాన్ని నేను నీళ్ల పొయ్యిలో పెట్టాను. ఎవరూ చూడకూడదనే పెట్టాను.

పాప పడిన ఆ వారమే, ఆదివారం, కాజీపేట నుంచి మా ఆయన వచ్చాడు. రైల్వేలో డ్యూటీ, వారానికోసారి వస్తాడు. జరిగింది సగమే చెప్పాను. మిగతా సగం ఆయనే పూరించుకున్నాడు. "అత్తమ్మను ఏమనకు. పాతకాలపు మనిషి, ప్రేమతోనే చేస్తది," అన్నాడు. ఎంతో మంచి మనసుతో అన్నాడు. నేను రెండోసారి కూడా ఊరుకున్నాను.

ఎదురింటి పెద్దమ్మ కూతురికి కొడుకు పుట్టాడు. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ వెళ్లి చూసి వచ్చింది. మర్నాడు తెల్లవారగానే తొందరగా వంట ముగించి, పాత చీర కట్టుకుని, చేతి గాజులు పైకి జరుపుకుని కూర్చుంది. నీళ్లు పోసే రోజుల్లో అలాగే తయారయ్యేది. ఎనిమిదయ్యింది. ఎవరూ పిలవలేదు. కాసేపటికి ఎదురింట్లోకి ఎవరో కొత్త మనిషి నూనె గిన్నెతో వెళ్లడం మా కిటికీలోంచి కనబడింది.

"వాళ్లకు ఇంకెవలో దొరికినట్టున్నరు," అని అమ్మ గాజులు కిందికి జరుపుకుని మగ్గంలో దిగింది.

ఆ తర్వాత రోజూ ఆ వేళకు ఎదురింటి పసివాడు కేరుమనేవాడు. అమ్మ మగ్గం ఆపేది. "నీళ్లు వేడెక్కువైనయ్," అనేది ఒకరోజు. "మెడ కింద చెయ్యి పెట్టలేదు," అనేది ఇంకోరోజు. నాతో కాదు, తనలో తాను. ఏడుపు ఆగేదాకా మగ్గం కదిలేది కాదు.

నేను పది రోజులు మగ్గం చప్పుడు లేని ఆ సమయాన్ని భరించి, పదకొండో రోజు మధ్యాహ్నం పాపను ఎత్తుకుని ఎదురింటికి వెళ్లాను. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"పెద్దమ్మా, ఆ రోజు దవాఖానల నువ్వు విన్నది నిజం కాదు. ఆ పత్తెం అమ్మ పెట్టలే. నేనే పెట్టుకున్న. అమ్మ వద్దన్నా వినలే."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వా? సదువుకున్నదానివి, పిల్లలకు పాఠాలు జెప్పేదానివి, నువ్వెందుకు పెట్టుకుంటవే గసొంటి పత్తెం?"

"భయమై పెట్టుకున్న."

"సాలు గని ఊకో. అమ్మ మీద మాట పడొద్దని నెత్తిన ఏసుకుంటానవ్. మంచి బిడ్డవు నువ్వు. నా బిడ్డకైతే గింత పావురం లేదు నా మీద." అని లోపల ఉన్న కూతురికి వినబడేలా నవ్వింది.

పావురం అంటే ప్రేమ. నేనెంత చెప్పినా, ఇంకా మంచిదాన్ని అవుతున్నానే తప్ప అమ్మ తప్పు తగ్గడం లేదు. చివరికి ఆమె నా చేతిలో రెండు వెల్లుల్లి గడ్డలు పెట్టి పంపింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఏడికి పోయినవ్?"

చెప్పాను. ఆమె చేతిలో నూలు కండె కింద పెట్టింది.

"ఎవలు పొమ్మన్నరు నిన్ను? నేను చెప్పిన్నా? నన్ను పిలువుమని బతిలాడనీకి పోయినవా?"

"కాదమ్మా..."

"దవాఖానల నోరు రాలే. ఇప్పుడు వచ్చిందా?"

ఆ సంగతి ఆమె ఎత్తడం అదే మొదటిసారి. జవాబు కోసం ఆగలేదు. మళ్లీ మగ్గంలో దిగింది.

నిన్న పాపకు టీకా వేయించడానికి అదే నర్సింగ్ హోంకు వెళ్లాం. అమ్మ వస్తుందనుకోలేదు, వచ్చింది. కానీ పరదా దాటి లోపలికి రాలేదు. "నువ్వు పో, నేనీడ కూసుంట," అని బెంచీ చివర కూర్చుంది. టీకా వేయించి, పాపను ఆమె ఒళ్లో పెట్టి, నేను ఒక్కదాన్నే డాక్టరమ్మ గదిలోకి వెళ్లాను. దారంతా మనసులో కూడబలుక్కున్న వాక్యాన్ని, పరదా అవతలికి వినబడేంత గట్టిగా చెప్పాలనుకున్నాను. మామూలు గొంతుతోనే వచ్చింది.

"మేడం, ఆ రోజు పిక్కలు పట్టి వచ్చినప్పుడు... ఆ పత్యం మా అమ్మ పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను. మీరు అమ్మను తిడుతుంటే నేను చెప్పలేదు."

డాక్టరమ్మకు వెంటనే గుర్తు రాలేదు. చీటీ తిరగేసి చూసింది. "ఆ, కాల్షియం తక్కువుంది కదా నీకు. ఇప్పుడు తింటున్నావుగా?"

"తింటున్నాను."

"కాళ్లు పట్టడం లేదు కదా? సరేనమ్మా. మొదటి కాన్పప్పుడు భయాలుంటాయి అందరికీ. మాత్రలు ఇంకో నెల వాడు," అని నవ్వి, చీటీ మీద రాసి ఇచ్చింది. అరనిమిషం పట్టి ఉంటుంది.

బయటికి వచ్చాను. అమ్మ పాప టోపీ సర్దుతోంది.

"ఏం జెప్పినవ్?"

"పత్తెం నేనే పెట్టుకున్నా అని చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే. భయాలుంటయ్ అందరికీ అన్నది."

అమ్మ టోపీ సర్దడం ఆపింది. "నిన్ను ఏమనలేదా?"

"లేదు."

"నన్నైతే గన్ని మాటలన్నది," అంది. అడిగినట్టూ కాదు, ఎత్తిపొడిచినట్టూ కాదు. పాపను భుజానికెత్తుకుని, నా కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. చేతిలో చీటీతో నేను ఆమె వెనకే నడిచాను.